తాళం తిప్పకముందే

సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లకి కనుమ నాటి మధ్యాహ్నానికి ఇక ఏమీ తోచదు. గారెలు, కోడికూర అయ్యాయి. పేకాట విసుగొచ్చింది. అప్పుడు ఎవరి చూపో పెరట్లోని రేకుల షెడ్డు మీద పడుతుంది. అక్కడ టార్పాలిన్ కింద తాతగారి అంబాసిడర్ ఉంటుంది. డల్లాస్ నుంచి వచ్చిన మనవడు పట్టా లాగుతాడు. కారు మీద ఎత్తిపెట్టిన మంచం కోళ్లు, నవారు చుట్టలు, ఖాళీ ఎరువుల సంచులు దించుతారు. పక్కింటి ట్రాక్టరు బ్యాటరీ వస్తుంది. బంకు నుంచి క్యానులో పెట్రోలు వస్తుంది. 'సెల్ఫ్ కొట్టు బావా, ఏమవుతుందో చూద్దాం' అంటాడొకడు. 'రాకపోతే సెకండ్ గేరులో వేసి తోద్దాం లే' అంటాడు ఇంకొకడు. అప్పటికే నాలుగైదు ఫోన్లు వీడియో తీస్తుంటాయి.

సరిగ్గా ఇక్కడే చాలా కార్లు పోతాయి. ఇరవయ్యేళ్లు ఉక్కకీ ఎలుకలకీ ఓర్చుకున్న ఇంజను ఆ అరనిమిషం ఉత్సాహానికి దెబ్బతింటుంది.

కారణం చాలా మామూలుది. నాలుగు సిలిండర్ల ఇంజను ఎక్కడ ఆగినా, ఒకటో రెండో సిలిండర్లలో వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి. ఆ సందులోంచి ఏటా వానాకాలపు తేమ లోపలికి పోతుంది. పిస్టన్ ఆగిన చోట బోరు గోడకి తుప్పు పడుతుంది, రింగులు దానికి అతుక్కుంటాయి. ఆయిలంతా ఏనాడో కిందికి జారి సంపులో చేరింది కాబట్టి బేరింగులు పొడిగా ఉంటాయి. ఆ స్థితిలో బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొడితే మోటారు దయాదాక్షిణ్యాలు లేకుండా తిప్పుతుంది. రింగు విరుగుతుంది, లేదా బోరు మీద గీత పడుతుంది. పొరపాటున ఇంజను అందుకుందంటే ఇంకా ప్రమాదం. ట్యాంకులో జిగురైపోయిన పెట్రోలు కార్బొరేటర్‌లోకి చేరుతుంది, పొడి బేరింగులు అరుగుతాయి, ఊరంతా చప్పట్లు కొడుతుంది.

బండిని పరుగు పాడుచేసిన దానికన్నా నిలవ పాడుచేసిందే ఎక్కువ. లక్షల కిలోమీటర్లు తిరిగిన ట్యాక్సీ అంబాసిడర్లు మన కళ్లముందే దర్జాగా బతికాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో అద్దాల వెనక నిలబెట్టిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సంగతి చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. 1911లో ఆయన పోయాకగానీ హైదరాబాద్ చేరలేదు. ఊరేగింపులకే తప్ప రోడ్డెక్కింది బహు తక్కువ. అయినా దశాబ్దాల పాటు మూలన పడి ఉండేసరికి దాన్నీ విప్పి బాగుచేయించక తప్పలేదు. తిరగలేదు కాబట్టి కొత్తదానిలా ఉంటుందనుకోవడం కార్ల విషయంలో ఒట్టి భ్రమ.

నిలిపారా, నిలిచిపోయిందా?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక సందులో పాత కార్లు మాత్రమే చూసే మేస్త్రి ఒకాయన ఉన్నారు. డెబ్బై దాటాయి. పేరు రాయొద్దన్నారు, రాస్తే జనం వచ్చి పడతారట, చేయి సాగడం లేదట. ఎవరైనా 'మా ఇంట్లో పాత కారుందండీ' అనగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న మోడల్ గురించి కాదు.

"నిలిపారా, నిలిచిపోయిందా?"

నడుస్తూ ఉన్న బండిని, వాడేవాళ్లు లేక షెడ్డులో పెడితే ఒక కథ. హెడ్డు గ్యాస్కెట్ పోయో, గేరుబాక్సు మొరాయించో, తర్వాత చూద్దాంలే అని వదిలేసిన బండిది వేరే కథ. రెండోదానికి తుప్పు రోగంతో పాటు అసలు రోగం కూడా లోపల దాక్కుని ఉంటుంది. ఇంట్లోవాళ్లకి చాలాసార్లు ఆ సంగతి గుర్తుండదు. కాబట్టి ఆయన పాత డ్రైవరు బతికున్నాడేమో వాకబు చేయమంటారు. డ్రైవరు చెప్పే ఒక్క ముక్క ('చివర్లో నీళ్లు తాగేసేదండీ') రెండు రోజుల వెతుకులాట తగ్గిస్తుంది.

మన షెడ్లలో దొరికేవి ప్రధానంగా రెండు జాతులు. ఒకటి, పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివరి నుంచి 2014 మే దాకా తయారుచేసిన అంబాసిడర్. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దీనికి మాతృక. చాలాకాలం దీనికున్నది 1489 సీసీ ఇంజనే. పెట్రోలులోనూ, తర్వాత డీజిలులోనూ. 1990ల్లో 1800 సీసీ ఇసుజు ఇంజను వచ్చింది. రెండోది, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ చేసిన ఫియట్ 1100. 1970ల నడుమ 'పద్మిని' అయింది కానీ మనవాళ్లు చివరిదాకా ఫియట్టు అనే పిలిచారు. 1089 సీసీ. కలెక్టరు, ఎమ్మెల్యే, రైసుమిల్లు షావుకారు అంబాసిడర్ ఎక్కితే డాక్టరుగారు, ప్లీడరుగారు ఫియట్టు నడుపుకునేవారు. ఈ విభజన కచ్చితమని ఎవరూ ఒట్టేయలేరు గానీ, పాత ఫొటోలు చూస్తే చాలావరకు నిజమే అనిపిస్తుంది.

ఇక మారుతి 800. 1983 డిసెంబరులో మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ అందజేసినప్పుడు కొత్త యుగమన్నారు. ఇప్పుడు ఆ యుగం కూడా షెడ్లలోకి చేరుతోంది. దాని ఇంజనులో పళ్లున్న రబ్బరు టైమింగ్ బెల్టు ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే వంపులో ఉండిపోయిన బెల్టుని మార్చకుండా స్టార్టు చేయడం జూదం. అంబాసిడర్లో ఆ బాధ లేదు, లోపల చైను.

తీరానిదొక జబ్బు, సీమదొక జబ్బు

బండిని చూడటానికి వెళ్లేటప్పుడు ఒక కర్ర, ఒక టార్చి వెంట ఉండాలి. కర్ర పాముల కోసం. ఇది వేళాకోళం కాదు. ఎలుకలున్న చోటికి అవీ వస్తాయి. బానెట్టు ఎత్తితే ఎయిర్ ఫిల్టరు మీద గడ్డి, సీటులోంచి లాగిన పీచు, చింపిన కాగితాలతో ఎలుక గూడు దాదాపు ఖాయం. ఎలుక కొరికిన వైరు పైకి కనిపించదు. డ్యాష్‌బోర్డు వెనక నాలుగంగుళాల మేర పూత పోయి రాగి తీగ మెరుస్తుంటుంది. అందుకే వైరింగు మొత్తం చూశాకే బ్యాటరీ. మట్టిగూళ్లు కట్టే కందిరీగలకి సైలెన్సరు గొట్టమూ, సన్నటి పైపుల కొసలూ మహా ఇష్టం. గొట్టంలో కమ్మీ పెట్టి కెలికితే గోళీల్లా మట్టి రాలుతుంది.

కారు ఎక్కడ నిలబడిందన్నదాన్ని బట్టి రోగం మారుతుంది. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ బండ్లని ఉప్పుగాలి కింది నుంచి తింటుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. కాళ్ల కింద పరిచిన మ్యాటు ఎత్తితే నేల కనిపిస్తుంది, కారు నేల కాదు, షెడ్డు నేల. తలుపుల కింద పొడుగునా ఉండే పెట్టె భాగం, జాకీ ఆనించే చోటు, వెనక ఆకు స్ప్రింగులు బిగించే చోటు – ఈ మూడింటినీ స్క్రూడ్రైవరు కొసతో పొడిచి చూడాలి. దిగబడిందా, టింకరింగు ఖర్చు ఇంజను ఖర్చుని మించిపోతుంది. అనంతపురం, మహబూబ్‌నగర్ బండ్లలో రేకు గట్టిగానే ఉంటుంది, రబ్బరు మాత్రం ఎండకి బూడిదవుతుంది. అద్దాల చుట్టూ ఉండే బీడింగు వేలితో నులిమితే పొడి రాలుతుంది. నన్నడిగితే కొనేవాడు ఈ ఎండ ప్రాంతాల బండే కొనుక్కోవాలి. రబ్బరు మార్చొచ్చు, పోయిన రేకుని మళ్లీ పుట్టించాలి.

టైరులో గాలి నింపితే నిలబడుతుంది కదా అని మోసపోకూడదు. 2000 తర్వాత తయారైన టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2304 అంటే 2004లో ఇరవై మూడో వారం. నాలుగంకెలు లేకపోతే అంతకన్నా పాతదన్నమాట. అచ్చు ఎంత లోతుగా ఉన్నా సరే, వాటి మీద బండిని షెడ్డు నుంచి బయటికి తోయొచ్చు, రోడ్డు మీద నడపకూడదు.

ఒక బొట్టు, ఒక రాత్రి, ఇంకొంచెం ఓపిక

మేస్త్రి గారి పనితీరు దగ్గరుండి చూస్తే ముందు చిరాకేస్తుంది. పొద్దున్నే నాలుగు ప్లగ్గులూ విప్పుతారు. విప్పిన ప్లగ్గుని వెలుతురు వైపు తిప్పి, వరసలో కింద గుడ్డ మీద పేరుస్తారు. ఏది ఏ సిలిండరుదో కలిసిపోకూడదు. నేను చూసిన బండిలో మూడోదాని కొస ఎర్రగా ఉంది. "ఇక్కడికి నీళ్లొచ్చాయి" అన్నారు. తర్వాత డీజిలు, ఇంజనాయిలు సమంగా కలిపి, సిరంజితో ఒక్కో రంధ్రంలోకి కాస్త కాస్త పోశారు. మూడోదానిలో కొంచెం ఎక్కువ. రంధ్రాల మీద గుడ్డ కప్పి, చేతులు తుడుచుకుని, టీకి వెళ్లిపోయారు. ఆ రోజుకి ఆ ఇంజను మీద అంతే పని.

మర్నాడు హ్యాండిలు తీశారు. పాత కార్ల ముందు బంపరు మధ్యలోంచి ఇనుప కడ్డీ దూర్చి ఇంజనుని చేత్తో తిప్పే ఏర్పాటు ఉండేది. ఇప్పటివాళ్లు సినిమాల్లో మాత్రమే చూసుంటారు. సెల్ఫ్ మోటారుకి తెలియనిది ఈ కడ్డీకి తెలుస్తుంది. ఎక్కడ బిగువుందో, ఎక్కడ గరగరలాడిందో చేతికి అందుతుంది. ఆయన బలం పెట్టలేదు. ముందుకి కాస్త, వెనక్కి కాస్త ఊపి చూశారు, కదల్లేదు. మళ్లీ ఆయిలు పోశారు. మళ్లీ టీ.

కదలని ఇంజనుని టాప్ గేరులో వేసి బండిని ముందుకీ వెనక్కీ ఊపడం ఇంకో ఉపాయం. దానికీ లొంగకపోతే హెడ్డు విప్పాలి. హెడ్డు విప్పితే రేటు మారుతుంది: వాల్వులు నూరడం, కొత్త గ్యాస్కెట్, అవసరమైతే లేతు షాపులో బోరు పని, పెద్ద సైజు పిస్టన్లు. ఈ బండి మాత్రం సాయంత్రానికి కడ్డీతో పాటు అంగుళం కదిలింది. మేస్త్రి గారి కుర్రాడు 'హే!' అని అరిచాడు. ఆయన వాడి వైపు ఒకసారి చూసి, "అరవకురా, ఇంకా మూడొందల అరవై డిగ్రీలుంది" అన్నారు.

పూర్తిగా తిరగడం మొదలయ్యాక సంపు బోల్టు తీసి పాత ఆయిలు దించాలి. ముందు నీళ్లు వస్తాయి, తర్వాత నల్లటి ముద్ద. కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు పెట్టాక, ప్లగ్గులు ఇంకా బయటే ఉంచి, అప్పుడు మొదటిసారి సెల్ఫ్ కొడతారు. ఇంజనుని లేపడానికి కాదు. పోసిన ఆయిలు ప్లగ్గు రంధ్రాల్లోంచి బయటికి చిమ్మడానికి, పంపు ఆయిలుని పైకి తోడి బేరింగులకి చేర్చడానికి. ఆయిలు మీటరున్న మోడళ్లలో ముల్లు లేచేదాకా, లేనివాటిలో ఎర్ర లైటు ఆరేదాకా. ప్లగ్గులు బిగించి కొడితే ఏమవుతుందంటే, ద్రవం గాలిలా నలగదు కాబట్టి పిస్టన్ రాడ్డు వంగుతుంది.

పాత పెట్రోలు వాసన

నిలవ పెట్రోలు మూత తీయగానే తెలిసిపోతుంది. బంకు వాసన రాదు. వార్నిషు డబ్బా తెరిచినట్టు ముక్కుకి పుల్లగా తగులుతుంది. తేలిక భాగాలు ఆవిరైపోయి మిగిలింది జిగురు. ట్యాంకు దించి, లోపల గులకరాళ్లో చిన్న గొలుసు ముక్కలో వేసి ఊపి, తుప్పు కడిగించాలి. పెట్రోలు ట్యాంకుకి వెల్డింగు అంటే ఆ పనిలో చేయి తిరిగినవాళ్లకే ఇవ్వాలి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదం.

కార్బొరేటర్ విప్పితే గిన్నె అడుగున తేనెరంగు పొర కట్టి ఉంటుంది. జెట్టు రంధ్రాలని సూదితో పొడవడం మనవాళ్లకి అలవాటు. పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, ఇక ఆ బండి జన్మలో మైలేజీ ఇవ్వదు. నానబెట్టి గాలితో ఊదడమే పద్ధతి. పెట్రోలు పంపులోని డయాఫ్రమ్ అట్టముక్కలా బిగుసుకుని ఉంటుంది, మార్చాల్సిందే.

ఇప్పుడు దీనికి కొత్త చిక్కొకటి జతయింది. దేశమంతా బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది. 1970ల నాటి రబ్బరు గొట్టాలు, కార్కు గ్యాస్కెట్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇథనాల్ వాటిని మెత్తబరుస్తుంది, ట్యాంకు గోడలకున్న పాత జిడ్డుని కరిగించి ఫిల్టరులోకి తెస్తుంది, గాలిలోని తేమని పీలుస్తుంది. కొంతకాలం నిలవుంటే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి చేరతాయి. కాబట్టి పాత కారు యజమాని రెండు పనులు చేయాలి. పెట్రోలు తగిలే ప్రతి రబ్బరు ముక్కనీ ఇథనాల్‌కి ఓర్చే రకంతో మార్చడం ఒకటి. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి ఉంచకపోవడం రెండోది. ఇథనాల్ గాఢతకి తగ్గట్టు జెట్టు ఒక సైజు పెంచే మేస్త్రులూ ఉన్నారు. ఇంజను వేడెక్కుతూ, యాక్సిలరేటర్ తొక్కితే తడబడుతుంటే అది చూడాల్సిన విషయమే.

సీసం కలిసిన పెట్రోలు 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో లేదు. ఆ కాలపు వాల్వు సీట్లకి సీసమే మెత్తటి పరుపు. హెడ్డు ఎలాగూ విప్పాల్సి వస్తే గట్టి సీట్లు వేయించడం మంచిది. విప్పాల్సిన పని లేకపోతే ఆదివారం షికార్లకి దీని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

పదిహేను థౌ

పాత మేస్త్రులు స్పార్కుని కరెంటు అంటారు. 'కరెంటు వస్తోందా?' అని అడిగి, ప్లగ్గుని ఇంజను ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొట్టి చూస్తారు. నీలంగా టప్పుమంటే సరే. పసుపుగా, నీరసంగా ఉంటే డిస్ట్రిబ్యూటర్ మూత తీయాలి. లోపల రెండు చిన్న పాయింట్లు ఉంటాయి. నిలవలో వాటి ముఖాల మీద బూడిదరంగు పొర పడుతుంది. నున్నటి ఎమరీ కాగితం రెండు పాయింట్ల మధ్య పెట్టి లాగితే పొర పోతుంది. ఆ తర్వాత ఎడం సరిచూడాలి. అంబాసిడర్‌కి పదిహేను థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. ఫీలర్ గేజి రేకు రెండింటి మధ్య ఇరుగ్గానూ పోకూడదు, వదులుగానూ పోకూడదు. ఆ బండి ట్యాపెట్ల ఎడం కూడా అదే పదిహేను కావడంతో ఒకే రేకుతో రెండు పనులు జరుగుతాయి. అగ్గి వరస ఒకటి-మూడు-నాలుగు-రెండు. అంబాసిడర్‌కీ ఫియట్టుకీ ఒకటే. ప్లగ్గు వైర్లు ఈ వరస తప్పితే ఇంజను కార్బొరేటర్‌లోంచి తుమ్ముతుంది.

డైనమో ఉన్న బండ్లలో ఓ చిత్రం జరుగుతుంది. ఏళ్లపాటు కదలకపోతే దాని ఇనుములో మిగిలి ఉండాల్సిన కాస్త అయస్కాంత శక్తి కూడా పోతుంది. డైనమో తిరుగుతున్నా ఛార్జింగు రాదు. కొత్తది కొనమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. బ్యాటరీ నుంచి ఫీల్డు టెర్మినల్‌కి వైరు క్షణం తాకించి తీస్తే చాలాసార్లు అదే లేస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా మేస్త్రి గారు ట్యాంకుని నమ్మలేదు. లీటరు సీసాలో కొత్త పెట్రోలు పోసి బానెట్టుకి వేలాడదీసి, సన్నటి గొట్టంతో కార్బొరేటర్‌కి ఇచ్చారు. చోకు లాగి సెల్ఫ్ కొట్టారు. రెండుసార్లు తుమ్మింది. డిస్ట్రిబ్యూటర్ని వెంట్రుకవాసి తిప్పి మళ్లీ కొట్టారు. అందుకుంది. తెల్లటి పొగ, దాని వెనకే నీలం పొగ. పోసిన ఆయిలు కాలుతున్న పొగ అది, పది నిమిషాల్లో తగ్గింది. పక్క షెడ్ల కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చారు. యజమాని కళ్లలో నీళ్లు. మేస్త్రి గారు మాత్రం ఇంజను వైపు కాకుండా రేడియేటరు కింద నేల వైపు చూస్తున్నారు. బొట్టు పడుతోంది. నీళ్ల పంపు సీలు. ఇంజను కట్టేశారు.

నీళ్ల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. మన బోరు నీళ్లలోని గార రేడియేటరు గొట్టాలని మూసేస్తుంది. విప్పి కడిగించాలి, గొట్టాలన్నీ మార్చాలి, ఇంజను బ్లాకు పక్కన గుండ్రటి రేకు మూతలు తుప్పుపట్టి కారుతున్నాయేమో చూసుకోవాలి. తర్వాత కూలెంటే పోయాలి, కుళాయి నీళ్లు కాదు.

స్టార్టయింది సరే, ఆగుతుందా?

వీడియోలు ఇంజను లేచిన చోట ముగుస్తాయి. అసలు పని అక్కడ మొదలవుతుంది. పాత కారు ఇంజను మొరాయిస్తే దారిలో ఆగిపోతుంది, అంతే. బ్రేకు మొరాయిస్తే ఆగదు. మరమ్మతు డబ్బు సగమే ఉందంటే ఆ సగం బ్రేకులకే పెట్టమంటాను, ఇంజను వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

బ్రేక్ ఆయిలు గాలిలోని నీటిని పీలుస్తుంది. నిలవున్న బండిలో ఆ నీరు మాస్టర్ సిలిండర్లోనూ, నాలుగు చక్రాల సిలిండర్లలోనూ చేరి పిస్టన్లని పట్టేస్తుంది. హ్యాండ్ బ్రేకు లాగి వదిలేసిన బండిలో వెనక షూలు డ్రమ్ముకి అతుక్కుపోతాయి. లాగితే చక్రం తిరగకుండా ఈడ్చుకొస్తుంది. రబ్బరు గొట్టాలది కనబడని మోసం. బయట నున్నగా ఉంటాయి, లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. పెడలు తొక్కితే ఆయిలు వెళ్తుంది, తీస్తే వెనక్కి రాదు. బ్రేకు పట్టుకునే ఉండి డ్రమ్ము ఎర్రగా కాలుతుంది.

పాత అంబాసిడర్, ఫియట్టుల్లో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే లైను. ఇప్పటి కార్లలో ఒక వైపు పోతే ఇంకో వైపు పట్టుకుంటుంది. వీటిలో ఒక్క చోట కారితే నాలుగూ పోయినట్టే, ఆ తర్వాత చేతిలో మిగిలేది వెనక చక్రాలకి మాత్రమే పనిచేసే హ్యాండ్ బ్రేకు. అందుకే కిట్లు వేసి సరిపెట్టడం కాదు, తుప్పు గుంటలు పడిన సిలిండర్లు మొత్తంగా మార్చాలి; ఇనుప పైపులు కొత్తవి వేయాలి; చివర్న నాలుగు చక్రాల దగ్గరా ఎయిర్ తీయాలి. పెడలు మెత్తగా ఉంటే ఇంకా ఎయిర్ ఉన్నట్టే. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి ధూళిని నోటితోనో గాలి గొట్టంతోనో ఊదకండి. ఆ కాలపు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. తడిపి, గుడ్డతో తుడవాలి.

క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకి అతుక్కోవడం ఇంకో ముచ్చట. పెడలు తొక్కినా గేరు పడదు, పడితే బండి దూకుతుంది. వెనక ఇరుసుని స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి, ఇంజను వేడెక్కనిచ్చి, గేరులో ఉంచి క్లచ్ తొక్కి బ్రేకు కొడితే చాలాసార్లు విడిపోతుంది. జాకీ మీద ఉంచి ఈ పని చేయకూడదు, ఆ బండి ముందు ఎవరూ నిలబడకూడదు.

ఆర్టీవో ఆఫీసు గుమ్మం

బండి లేచాక దానికి పేరుండాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ పైన ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఫీజు 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలైంది. ఇరవయ్యేళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టులో పది వేలు చేశారు. గ్రీన్ ట్యాక్సు, ఆలస్యానికి నెలల లెక్కన పడే అదనం వేరు. తాతగారి పేరున ఉన్న ఆర్సీ అయితే వారసుల సంతకాలు ముందు తేల్చుకోవాలి. చాలా కుటుంబాల్లో ఇంజను కన్నా ఇదే గట్టిగా పట్టేసి ఉంటుంది. అమెరికాలో ఒకరు, బెంగళూరులో ఒకరు, మాటల్లేని మేనత్త ఒకరు. ఏ మేస్త్రీ విప్పలేని బిగువది. కాబట్టి మొదటి పానా పట్టకముందే ఆర్సీ ఎక్కడుందో వెతకండి. దానిమీది ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీదివాటితో కలుస్తున్నాయో లేదో చూడండి. ఎప్పుడో ట్యాక్సీలో ఇంజను తెచ్చి వేసి, కాగితాల్లో ఎక్కించని బండ్లు కోకొల్లలు.

యాభయ్యేళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని బండ్లకి 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్తగా రిజిస్టరయ్యే బండి నంబరులో 'వీఏ' అక్షరాలుంటాయి. కొత్తగా అయితే ఇరవై వేలు, మళ్లీ చేయించుకోవడానికి అయిదు వేలు, గడువు పదేళ్లు. కానీ ఆ రిజిస్ట్రేషన్‌తో రోజూ తిరగడానికి లేదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు కోసం, రిపేరు కోసం మాత్రమే. 1989కి ముందటి మూడక్షరాల నంబరున్న కారుని నిత్యం వాడుకోవాలనుకునేవాళ్లు మామూలు పొడిగింపు దారే చూసుకోవాలి.

సామాను గురించి బెంగ అంత అక్కర్లేదు. అంబాసిడర్ అర్ధశతాబ్దం పైగా పెద్దగా మారలేదు కాబట్టి ఒక బండి ముక్క ఇంకో బండికి సరిపోతుంది. హైదరాబాద్ పుత్లీబౌలి, సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో పాత స్టాకు ఇంకా బయటపడుతుంది. అక్కడ లేనిది చెన్నై పుదుపేటలోనో కోల్‌కతా మల్లిక్ బజారులోనో దొరుకుతుంది. ఫియట్టుకి ముంబై. మనుషులు మాత్రం తగ్గిపోతున్నారు. లాప్‌టాప్ తగిలించి రోగం చదివే కుర్రాళ్లకి పాయింట్ల ఎడం చూడటం రాదు, రాకపోవడం వాళ్ల తప్పూ కాదు. ఆ పనికి ఇప్పుడు కూలి గిట్టదు.

అన్నీ కుదిరాక మొదటి ప్రయాణం తిరుపతికి పెట్టుకోవద్దు. బంకు దాకా వెళ్లి రావాలి. వచ్చాక నాలుగు డ్రమ్ములూ చేత్తో తాకి చూడాలి, ఒకటి మిగతావాటికన్నా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టుకుంటోందన్నమాట. రాత్రికి బండి కింద పాత పేపరు పరిస్తే పొద్దున్నే ఏది కారుతోందో రంగు చెప్తుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఆయిలు మళ్లీ మార్చాలి, మొదటి ఆయిలు లోపలి మురికిని కడగడానికే సరిపోతుంది.

మేస్త్రి గారు పని ఒప్పుకునే ముందు అడిగే రెండో ప్రశ్న ఒకటుంది. "బాగయ్యాక వారానికోసారి ఎవరు నడుపుతారు?" జవాబు లేకపోతే బేరం లేదు. 'లక్షన్నర పోయించి మళ్లీ పట్టా కప్పుతారా? ఆ డబ్బు బ్యాంకులో వేసుకోండి బాబూ' అని మొహం మీదే చెప్పేస్తారు. నేను అక్కడున్న రోజుల్లో ఒకనాడు గుడివాడ దగ్గర్నుంచి ఒక కుటుంబం అదే ప్రశ్నకి నీళ్లు నములుతోంది. మనవడు పండక్కే వస్తాడు, కొడుక్కి స్టీరింగు పక్కనుండే కాలమ్ గేరు రాదు. చివరికి వెనక కూర్చున్న పెద్దాయన, హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారట, గొంతు సవరించుకున్నారు. "గురువారం సంతకి నేను తీసుకెళ్తాను. లైసెన్సు ఉంది." మేస్త్రి గారు ఆయన్ని ఎగాదిగా చూసి, కళ్లద్దాల నంబరు ఎంతని అడిగి, బ్రేకుల ఖర్చు ముందు ఇవ్వాలన్న షరతు మీద అడ్వాన్సు తీసుకున్నారు.